108 అంబులెన్సులో కేసు షీటు ఎలా రాయాలి?

కొత్త ఈఎంటీల (అంబులెన్సులో అత్యవసర వైద్యం చేసే టెక్నీషియన్ల) బ్యాచ్ డ్యూటీలో చేరి నెల తిరక్కుండానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కేసు చేయడానికి భయం లేదు. పీసీఆర్, అదే కేసు షీటు, రాయాలంటేనే టెన్షన్. ఏం రాయాలి, ఎంత రాయాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకసారి కూర్చుని రాసేస్తే నయమనిపించింది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైనప్పటి నుంచి బండ్లు మారాయి, యాజమాన్యాలు మారాయి, ఫారాలు మారాయి. ఇప్పుడు కొన్నిచోట్ల కాగితం, కొన్నిచోట్ల ట్యాబ్. మీ చేతిలో ఏది ఉన్నా, దాన్ని ఎవరు చదువుతారన్నది మాత్రం మారలేదు. మొదట చదివేది క్యాజువాలిటీ డ్యూటీ డాక్టరు. ఆయనకు ఉన్నది అర నిమిషం. అందరికంటే చివర చదివేది, ఎప్పుడో నాలుగైదేళ్ల తరవాత, కోర్టులో ఒక వకీలు. ఆయనకు బోలెడంత తీరిక.

రెండో సంగతి నాకు అనుభవం. ఒక బైకు ప్రమాదం కేసులో నష్టపరిహారం కోసం కుటుంబం ట్రిబ్యునల్‌కి వెళ్లింది. సాక్ష్యానికి నన్ను పిలిచారు. నేను రాసిన షీటే నా చేతికిచ్చారు. అందులో ఉన్నది మూడు ముక్కలు: ఆర్‌టీఏ (రోడ్డు ప్రమాదం), హెడ్ ఇంజురీ, షిఫ్టెడ్ (ఆస్పత్రికి తరలించాం). హెల్మెట్ ఉందా అని అడిగారు. బండి నడుపుతున్నాడా, వెనక కూర్చున్నాడా అని అడిగారు. మీరు వెళ్లేసరికి స్పృహ ఉందా అని అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నేను చేయాల్సినవన్నీ చేశాను. మెడకు కాలరు పెట్టాను, గొంతు సక్షన్ చేశాను, దారి పొడుగునా బ్యాగుతో శ్వాస ఇచ్చాను. కాగితం మీద మాత్రం ఏమీ చేయనివాణ్ణే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు బాల్ పెన్నులు, నీలం గానీ నలుపు గానీ. జెల్ పెన్ను వద్దు, చెమట చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. కార్బన్ కాపీ వచ్చే ఫారమైతే గట్టిగా నొక్కి రాయండి.
- సెకన్ల ముల్లు ఉన్న వాచీ. శ్వాస లెక్కపెట్టడానికి ఇదే ఆధారం.
- మైక్రోపోర్ ప్లాస్టరు. ఓ జానెడు ముక్క ప్యాంటు మీద తొడ దగ్గర అంటించుకోండి. కేసు నడుస్తున్నప్పుడు మీ రఫ్ నోట్సు అదే. గ్లౌజు మీద రాసే అలవాటుంటే మానేయండి. గ్లౌజు తీసి పారేశారంటే దానితోపాటే మీ టైములన్నీ పోతాయి.
- టార్చి, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు. ఇవి ఎలాగూ ఉండాల్సినవే. స్ట్రిప్పుల గడువు చూసుకోండి.

1. డ్యూటీ ఎక్కగానే గడియారాలు కలపండి

మీ వాచీ, పైలట్ (బండి డ్రైవరు) ఫోను, ట్యాబ్, మానిటరు నాలుగూ ఒకే టైము చూపించాలి. మానిటరు తీసే ఈసీజీ మీద ఆరు నిమిషాలు వెనక టైము పడి, మీ షీటులో వేరే టైము ఉంటే, ఆస్పిరిన్ ముందిచ్చారా ఈసీజీ ముందు తీశారా అన్నది ఎవరికీ తేలదు. 24 గంటల పద్ధతిలోనే రాయండి. "5.10" అని రాస్తే అది తెల్లవారుజామో సాయంత్రమో చదివేవాళ్లు ఊహించుకోవాల్సి వస్తుంది.

రాయాల్సిన టైములు ఇవి: కాల్ వచ్చింది, బండి కదిలింది, స్థలానికి చేరాం, పేషెంటు దగ్గరికి చేరాం, స్థలం నుంచి బయల్దేరాం, ఆస్పత్రికి చేరాం, అప్పగించాం.

ఇందులో మూడోదాన్నీ నాలుగోదాన్నీ ఒకటే చేసి రాయడం అందరూ చేసే తప్పు. బండి అపార్టుమెంటు గేటు దగ్గర ఆగింది, లిఫ్టు పనిచేయలేదు, స్ట్రెచరు మోసుకుంటూ నాలుగో అంతస్తు ఎక్కారు. ఏడు నిమిషాలు అక్కడే పోయాయి. పాడేరు ఏజెన్సీలో అయితే అది నిమిషాల లెక్క కాదు. కొండ మీది గూడెం నుంచి డోలీ కట్టి కిందికి తెస్తారు, బండి రోడ్డు మీద ఎదురుచూస్తుంది. అప్పుడు "డోలీలో బయల్దేరిన టైము బంధువులు చెప్పిన ప్రకారం 02:00, రోడ్డు దగ్గర మాకు అందింది 04:35" అని రాయండి. ఆలస్యం ఎక్కడ జరిగిందో ఎవరినీ తప్పుపట్టకుండా ఆ ఒక్క లైనే చెబుతుంది.

ఆస్పత్రికి చేరడం వేరు, అప్పగించడం వేరు. మంచం ఖాళీ లేక స్ట్రెచరు మీదే ముప్పావు గంట ఉంటే, ఆ సేపంతా పేషెంటు బాధ్యత మీదే. ఆ మధ్యలో తీసిన వైటల్సూ (బీపీ, పల్సు, శ్వాస లాంటి కొలతలు) షీటులో ఉండాలి.

2. పేషెంటు మాటను పేషెంటు మాటగానే రాయండి

ప్రధాన బాధ అనే గడిలో మీరు అనుకున్న జబ్బు పేరు వద్దు. ఆయన అన్న మాట కొటేషన్లలో పెట్టండి. ఫారమంతా ఇంగ్లిషులో నింపినా ఈ ఒక్క లైను తెలుగులో రాస్తే తప్పేం లేదు. డ్యూటీ డాక్టరూ తెలుగువాడే అయితే ఇంకా మేలు.

ఎందుకింత పట్టుదల అంటే, మనవాళ్ల మాటలకు ఇంగ్లిషు వెతికే హడావుడిలోనే అసలు విషయం జారిపోతుంది. "గ్యాస్ పట్టేసింది" అంటారు, మనం గ్యాస్ట్రిక్ ట్రబుల్ అని రాసేస్తాం. ఎంతమంది గుండెపోటు పేషెంట్లు నోరు తెరవగానే అనే మాట అదే! "ఎగపోస్తోంది", "కళ్లు బైర్లు కమ్మాయి", "గుండె దడదడలాడుతోంది", "మాట ముద్దగా వస్తోంది" అని ఉన్నదున్నట్టు రాయండి. ఫిట్స్ వచ్చాయని చెబితే ఎన్ని నిమిషాలు, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, నాలుక కొరుక్కున్నాడా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయండి.

ఎవరు చెప్పారో కూడా పక్కనే ఉండాలి. "భార్య చెప్పారు", "పక్కింటాయన చెప్పారు, ఆయన కళ్లతో చూడలేదు." ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ తరవాత చాలా పెద్దదవుతుంది.

పక్షవాతం అనుమానం ఉంటే ఒక ప్రశ్న అస్సలు మరిచిపోవద్దు. మూతి వంకర ఎప్పుడు కనిపించిందని కాదు, చివరిసారి మనిషి బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి అని అడగాలి. పొద్దున ఆరింటికి లేచేసరికి చెయ్యి పడిపోయిందంటే ఆరు గంటలని రాయకూడదు. రాత్రి పదింటికి అన్నం తిని మామూలుగా పడుకున్నాడంటే 22:00 అని రాయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు అన్న లెక్క ఈ టైము నుంచే మొదలవుతుంది. మీరు తప్పు టైము రాస్తే, ఇవ్వకూడనివాళ్లకు ఇచ్చే ప్రమాదమో, ఇవ్వాల్సినవాళ్లకు ఇవ్వకపోయే ప్రమాదమో వచ్చి పడుతుంది. చూసినవాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకోండి, డాక్టరు నేరుగా వాళ్లతో మాట్లాడతారు.

3. మీరు చూసింది రాయండి, తేల్చింది కాదు

"తాగి ఉన్నాడు" అని రాయకండి. "నోటి నుంచి మద్యం వాసన, మాట తడబడుతోంది, నిలబెడితే తూలుతున్నాడు, షుగర్ 112" అని రాయండి. షుగర్ చూడకుండా తాగాడని తేల్చేస్తే ఒకరోజు దెబ్బ తింటారు. 40కి పడిపోయిన షుగర్ కూడా అచ్చం అలాగే తూలుతుంది, అలాగే తిడుతుంది.

రోడ్డు ప్రమాదమైతే: ఏ బండి, పేషెంటు ఎక్కడ కూర్చున్నాడు, హెల్మెట్ లేదా సీటు బెల్టు ఉందా, ఎంత దూరం ఎగిరిపడ్డాడు, మనం వెళ్లేసరికి ఏ భంగిమలో ఉన్నాడు, మనకంటే ముందు ఎవరైనా లేవదీసి పక్కన కూర్చోబెట్టారా. హెల్మెట్ పక్కన పడి ఉంటే "హెల్మెట్ పెట్టుకున్నాడు" అని కాకుండా "పక్కన పగిలిన హెల్మెట్ కనిపించింది" అని రాయండి. తప్పెవరిది, లారీ ఎంత వేగంతో వచ్చింది, ఇవి మన పని కాదు. అక్కడ గుమిగూడినవాళ్లు పది రకాలుగా చెబుతారు. పేషెంటుకు ఉపయోగపడేది ఏదైనా ఉంటే, "స్థలంలో ఉన్న ఒకరు చెప్పారు" అని మాత్రమే రాయండి.

దెబ్బలకు కొలత, చోటు, పక్క రాయండి. "కుడి మోకాలి కింద బయటివైపు సుమారు 4 సెం.మీ. చీలిక, రక్తం కారుతోంది, ఎముక కనిపించడం లేదు." కుడి ఎడమలు పేషెంటువి, మీవి కావు. ఎదురుగా నిలబడి చూస్తూ తిరగేసి రాసినవాళ్లను చాలామందిని చూశాను. నేనూ రాశాను.

4. పాత జబ్బులు, మందులు, ఎలర్జీ

ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు. ఏం బాధ, ఎలర్జీ, వాడే మందులు, పాత జబ్బులు, చివరిసారి తిన్నది తాగింది, ఇది మొదలవడానికి ముందు ఏం జరిగింది. ఈ ఆరూ అడగండి. మందుల పేర్లు చెప్పలేకపోతే స్ట్రిప్పు అట్టలన్నీ ఒక కవరులో వేసి తెమ్మనండి. "గుండె బిళ్ల" అని రాస్తే డాక్టరుకు ఒరిగేదేమీ లేదు. రక్తం పల్చబడే మందు వాడుతున్నారా అని తలకు దెబ్బ తగిలిన పెద్దవయసువాళ్లను విడిగా అడగండి.

ఎలర్జీ గడిలో అడ్డగీత గీయకండి. గీత చూస్తే అడిగారో లేదో తెలియదు. "అడిగాం, లేదన్నారు" లేదా "స్పృహ లేదు, అడగడానికి బంధువులు లేరు" అని రాయండి.

5. వైటల్స్: కనీసం రెండుసార్లు, నిజంగా లెక్కపెట్టి

పేషెంటు నిలకడగా ఉంటే 15 నిమిషాలకోసారి, లేకపోతే 5 నిమిషాలకోసారి. ఆస్పత్రి దగ్గరైనా సరే, ఎక్కించినప్పుడు ఒకటి, దించే ముందు ఒకటి తప్పదు. ఒకే ఒక్క బీపీ రాస్తే మనిషి కుదుటపడుతున్నాడో జారిపోతున్నాడో డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

శ్వాస దగ్గర మనవాళ్లు చేసే మోసం అందరికీ తెలిసిందే. పది షీట్లు తీసి చూడండి, ఎనిమిదింట్లో 20 ఉంటుంది. ఆయాసంతో మాట పూర్తి చేయలేనివాడికీ 20, నిద్రపోతున్న పిల్లాడికీ 20. పల్సు చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే ఉండి, ఛాతీ వైపు చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. లయ సరిగ్గా లేకపోతే పూర్తి నిమిషం. మీరు లెక్కపెడుతున్నట్టు పేషెంటుకు తెలిస్తే శ్వాస మారిపోతుంది.

శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పక్కన రూమ్ ఎయిరా, ఆక్సిజనా, ఎన్ని లీటర్లు, మాస్కా ముక్కు గొట్టమా అని ఉండాలి. 10 లీటర్ల మీద 96 అంటే బాగున్నట్టు కాదు. వేలు చల్లగా ఉండి రీడింగు రాకపోతే "చేతులు చల్లగా ఉన్నాయి, రీడింగు రాలేదు" అని రాయండి. రాని అంకెను పుట్టించకండి.

జీసీఎస్ (స్పృహ స్థాయిని కొలిచే స్కోరు) మొత్తం ఒక్కటే రాస్తే సరిపోదు. ఇ3 వి4 ఎం6 (ఇ కళ్లు, వి మాట, ఎం కదలిక), మొత్తం 13 అని విడగొట్టండి. మొత్తం 10 అన్నది చాలా రకాలుగా వస్తుంది, అందులో ఎం ఎంతన్నదే న్యూరో డాక్టరు ముందు అడిగేది. చనిపోయినవాళ్లకైనా 3 కంటే తగ్గదు. సున్నా రాసిన షీట్లు నా కంటపడ్డాయి, అందుకే చెబుతున్నాను.

స్పృహ తేడా ఉన్న ప్రతి మనిషికీ షుగర్, కంటిపాపలు. రెండూ రాయండి.

6. చేసిన పనికి ఐదు ముక్కలు

ఎన్నింటికి, ఏం ఇచ్చాం, ఎంత, ఏ దారిన, ఇచ్చాక ఏమైంది. అందరూ మరిచిపోయేది ఐదోదాన్నే. "14:22 - షుగర్ 42. 14:25 - కుడి చేతి నరం ద్వారా 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. 14:36 - షుగర్ 128, కళ్లు తెరిచి పేరు చెప్పారు." మూడు లైన్లలో కథంతా ఉంది.

కాల్ సెంటరు డాక్టరు సలహాతో ఇస్తే ఆయన పేరో ఐడీనో, మాట్లాడిన టైము రాయాలి. ఫోనులో విన్న డోసును తిరిగి చదివి వినిపించి అవుననిపించుకోండి. లైను దొరక్కపోతే ఎన్నిసార్లు ప్రయత్నించారో, ప్రోటోకాల్ ప్రకారం మీరేం చేశారో రాయండి.

విఫలమైన ప్రయత్నాలూ రాయాలి. "ఎడమ చేతికి రెండుసార్లు కాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) ప్రయత్నించాం, దొరకలేదు, ఆలస్యం చేయకుండా బయల్దేరాం." ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ చేతి మీద రెండు సూది గుర్తులు ఎందుకున్నాయో లోపలి నర్సుకు తెలియాలి.

హెచ్చరిక: చేయనిది రాయకండి. రాయనిది చేయనట్టే అని ట్రైనింగులో నూరిపోస్తారు. నిజమే. ఆ భయంతో ప్రోటోకాల్లో ఉన్నవన్నీ చేసినట్టు రాసేయడం అంతకంటే పెద్ద తప్పు. ట్యాబ్‌లో ఈ జబ్బు ఇంకా ఎక్కువ. ఒక్క బటన్ నొక్కితే అన్ని గడుల్లో నార్మల్ అని పడిపోతుంది. కాలు తెగిన పేషెంటుకు రెండు కాళ్లలో నాడి నార్మల్ అని వచ్చిన షీటు చూశాక ఆ బటన్ అంటేనే నాకు చిరాకు.

7. కథనం: ఒకే కేసు, రెండు షీట్లు

మామూలుగా కనిపించేది ఇదీ:

"58 ఏళ్ల పురుషుడు. గ్యాస్ట్రిక్ ట్రబుల్. వైటల్స్ నార్మల్. ఫస్ట్ ఎయిడ్ ఇచ్చాం. పేషెంట్ స్టేబుల్. షిఫ్టెడ్."

ఉండాల్సింది ఇలా. కేసు నేను అల్లినదే, పద్ధతి చూడండి:

"58 ఏళ్ల పురుషుడు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఛాతీ మీద చెయ్యి, చొక్కా చెమటతో తడిసి ఉంది. స్పృహలో ఉన్నారు, మాట స్పష్టం. 'నాలుగింటికి గ్యాస్ పట్టేసింది, ఎడమ చెయ్యి లాగేస్తోంది' అన్నారు. ఒకసారి వాంతి అయింది, అందులో రక్తం లేదని భార్య చెప్పారు. షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, బీపీ బిళ్ల పది రోజులుగా వేసుకోవడం లేదు. ఎలర్జీ, అల్సరు, రక్తస్రావం గురించి అడిగాం, లేవన్నారు. 05:12 - బీపీ 100/70, పల్సు 104, శ్వాస 22, రూమ్ ఎయిర్‌లో 95 శాతం, షుగర్ 210, జీసీఎస్ 15, నొప్పి పదికి 8. 05:15 - ఈసీజీ తీశాం, కాల్ సెంటరు డాక్టరుకు చెప్పాం. 05:17 - ఆయన సలహాతో ఆస్పిరిన్ 325 మి.గ్రా. నమిలించాం. నడిపించలేదు, స్ట్రెచరు మీదే ఎక్కించాం. 05:22 - బయల్దేరాం, ఆస్పత్రికి ముందే ఫోను చేశాం. 05:32 - బీపీ 104/70, పల్సు 98, శ్వాస 20, 96 శాతం, నొప్పి 6. 05:41 - ఆస్పత్రికి చేరాం. 05:46 - డ్యూటీ డాక్టరుకు ఈసీజీతో సహా అప్పగించాం."

రాయడానికి నాలుగైదు నిమిషాలు. నడిపించలేదు అన్న చిన్న మాట గమనించారా? చేయకూడనిది చేయలేదని చెప్పడం కూడా రికార్డే.

"షిఫ్టెడ్" అన్న మాటను నిషేధించే అధికారం నాకుంటే ఈ రోజే నిషేధిస్తాను.

8. కొన్ని కేసులకు అదనంగా

*పాము కాటు.* కరిచిన టైము, చోటు, కరిచినప్పుడు ఏం చేస్తున్నారు. పామును చూశారా; చూస్తే ఎలా ఉందని చెప్పారో వాళ్ల మాటల్లోనే. కట్లపామో రక్తపింజరో మీరు తేల్చకండి. కట్టు కట్టారా, ఎన్నింటికి కట్టారు. ఆ కట్టును దారిలో మీ అంతట మీరు గభాలున విప్పేయకండి, డాక్టరును అడగండి, అడిగిన సంగతీ రాయండి. పసరు పోశారా, బ్లేడుతో కోశారా, మంత్రం దగ్గర ఎంతసేపు ఉన్నారు. తిడితే చెప్పరు, మెల్లగా అడగండి. వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో చర్మం మీదే గీత గీసి పక్కన టైము వేయండి. కనురెప్పలు వాలుతున్నాయా, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, మూత్రం రంగు మారిందా చూడండి.

*పురుగుల మందు.* డబ్బా తీసుకురండి, దాని మీది రసాయనం పేరు అక్షరం పొల్లుపోకుండా దించండి. "గడ్డి మందు" అని వదిలేయకండి. పారాక్వాట్ అయితే ఆక్సిజన్ ఇచ్చే లెక్కే వేరు, శాచురేషన్ బాగా పడిపోతే తప్ప పెట్టరు. మోనోక్రోటోఫాస్ లాంటిదైతే కంటిపాపలు చుక్కల్లా చిన్నవయ్యాయా, నోటి నుంచి చొంగ, ఊపిరితిత్తుల్లో గురక ఉన్నాయా అన్నది ముఖ్యం. ఎంత తాగారు, ఎన్నింటికి, వాంతి చేయించారా. ఎందుకు తాగారన్నదాని మీద మీ తీర్పు వద్దు. "డ్రామా కేసు" అన్న మాట నోటి నుంచీ రాకూడదు, కాగితం మీదా పడకూడదు. ఆత్మహత్యా ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను చెబుతోంది.

*బండిలో కాన్పు.* రెండు షీట్లు, తల్లికొకటి బిడ్డకొకటి. బిడ్డ పూర్తిగా బయటికొచ్చిన టైము, ఏడ్చిన టైము, ఒకటో నిమిషం, ఐదో నిమిషం ఆప్గార్ (పుట్టిన బిడ్డ స్థితికి ఇచ్చే స్కోరు), బొడ్డు కత్తిరించిన టైము, మాయ పడిందా, పూర్తిగా పడిందా, రక్తస్రావం ఎంత. కాన్పు జరిగిన చోటు కూడా రాయండి, ఏ ఊరు దాటాక, ఏ రోడ్డు మీద అని. రేపు జనన ధ్రువపత్రం దగ్గర ఇదే అడుగుతారు.

*దాడి, లైంగిక హింస.* చెప్పిన మాట కొటేషన్లలో. దుస్తులు ఎలా ఉన్నాయో రాయండి, మార్చనివ్వకండి, కడుక్కోనివ్వకండి. పేరు బయట ఎక్కడా పలకకండి. షీటు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఏ కేసులోనూ వద్దు, ఇందులో అసలే వద్దు.

*ఒళ్లు కాలిన కేసు.* ఎవరు చేశారని పేషెంటు తానుగా చెబితే, మాటను మార్చకుండా రాసి, టైము వేసి, ఆ మాట విన్నవాళ్లెవరో రాయండి. గుచ్చి గుచ్చి అడగడం మన పని కాదు. పూర్తిస్థాయి మరణ వాంగ్మూలం తీసుకోవడానికి మేజిస్ట్రేట్ ఉంటారు. మీరు విన్న ఆ ఒక్క వాక్యానికీ విలువ ఉంది.

9. "ఆస్పత్రికి రాం, వద్దు" అంటే

సంతకం తీసుకుని వచ్చేయడం కాదు. ముందు, వద్దనే స్థితిలో ఉన్నారో లేదో చూడండి: పేరు, చోటు, రోజు చెప్పగలరా, షుగర్ ఎంత, తలకు దెబ్బ ఉందా, మద్యం ఉందా. ఏదైనా తేడా ఉంటే కాల్ సెంటరు డాక్టరుతో వాళ్లనే మాట్లాడించండి. మీరు చెప్పిన ప్రమాదాన్ని చెప్పిన మాటల్లోనే రాయండి. "'ఇది గుండెపోటు కావచ్చు, ఇంట్లో ఉంటే ప్రాణం పోవచ్చు' అని చెప్పాం. 'తెల్లారాక మా అబ్బాయి తీసుకెళ్తాడు' అన్నారు." సంతకం లేదా ఎడమ బొటనవేలి ముద్ర, పక్కన కుటుంబంలో ఒకరు సాక్షి. సంతకం కూడా పెట్టనంటే "సంతకం అడిగాం, నిరాకరించారు" అని మీరూ పైలటూ సంతకాలు చేయండి. మళ్లీ 108కి ఎప్పుడైనా చేయొచ్చని చెప్పాలి, చెప్పినట్టు రాయాలి.

10. అప్పగింత, వస్తువులు

షీటు బల్ల మీద పెట్టి వచ్చేయకండి. ముఖ్యమైన నాలుగు లైన్లు చదివి వినిపించండి, తీసుకున్నవారి పేరు, హోదా, సంతకం, టైము తీసుకోండి. అప్పగించే నిమిషాన పేషెంటు స్థితి ఒక లైను. "స్టేబుల్" బదులు అంకెలు.

వస్తువుల దగ్గర పోలీసు పంచనామా భాష నేర్చుకోండి. మీరు కంసాలి కాదు కాబట్టి బంగారు గొలుసు అనకండి, "పసుపు రంగు లోహపు గొలుసు ఒకటి" అనండి. డబ్బు నోట్ల వారీగా లెక్కపెట్టండి, పైలట్ ఎదురుగా. ఫోను ఏ రంగు, అద్దం పగిలి ఉందా. ఎవరికిచ్చారో వాళ్ల సంతకం. ప్రమాద స్థలంలో ఎవరి జేబూ ఒంటరిగా వెతకొద్దు.

11. సంతకం పెట్టే ముందు రెండు నిమిషాల తనిఖీ

- టైములు వరసగా పెరుగుతున్నాయా? బయల్దేరాక తీసిన బీపీ టైము, బయల్దేరిన టైముకు ముందు పడిందా?
- ప్రతి తేడా అంకెకూ ఎదురుగా ఒక పని ఉందా? 88 శాచురేషన్ రాసి ఆక్సిజన్ సంగతి లేకపోతే ఆగి చూడండి. ఇవ్వకపోవడానికి కారణముంటే అదీ రాయాలి.
- కుడి ఎడమలు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయా? ఫారంలోని ఒంటి బొమ్మ మీద గుర్తు పెట్టిన పక్క, కథనంలో రాసిన పక్క ఒకటేనా?
- వయసు, ఆడ మగ, ఊరు సరిపోయాయా? పేరు తెలియకపోతే "పేరు తెలియదు, సుమారు 40 ఏళ్లు, కుడి ముంజేతి మీద పచ్చబొట్టు" అని ఉందా?
- ఖాళీ గడులు మిగిలాయా?
- పైలట్‌కి చదివి వినిపించండి. అతనూ అక్కడే ఉన్నాడు. "అలా కాదు కదా అన్నా, ముందు మనం మాస్కు పెట్టాం" అని గుర్తుచేసేది అతనే.

నెలకోసారి ఇంకో పరీక్ష పెట్టుకోండి. మీ పాత షీటు ఒకటి, పేషెంటు పేరు మూసి, అదే బేసులో (బండి ఉండే స్థావరంలో) పనిచేసే మరో ఈఎంటీకి ఇవ్వండి. చదివి కేసు మీకు తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడుముకుంటే మీరు అక్కడ రాయలేదన్నమాట.

12. తప్పు రాస్తే

వైట్‌నర్ వద్దు, గజిబిజిగా కొట్టేయొద్దు, కాగితం మార్చి కొత్తది అసలే రాయొద్దు. ఒకే ఒక్క అడ్డగీత, కింద ఉన్నది కనిపించాలి. పక్కన సరైనది రాసి పొట్టి సంతకం, టైము. బేసుకు వచ్చాక ఏదైనా గుర్తొస్తే పాత లైన్ల మధ్య ఇరికించకండి. కింద "ఆలస్యంగా రాసినది, 07:30" అని మొదలుపెట్టి రాయండి. ఆస్పత్రికిచ్చిన కాపీలో ఆ సంగతి లేకపోతే డ్యూటీ డాక్టరుకు ఫోను చేసి చెప్పండి, చెప్పిన టైము కూడా అక్కడే వేయండి. ట్యాబ్‌లో సబ్మిట్ నొక్కేశాక సరిదిద్దే వీలు లేకపోతే, ఏం తప్పు పడిందో సూపర్‌వైజరుకు అదే షిఫ్టులో రాతపూర్వకంగా పంపండి. మర్నాటికి వాయిదా వేస్తే మీరూ మరిచిపోతారు, ఆ పేషెంటు వార్డు కూడా మారిపోతుంది.